లైసెన్సు కోసం ఇరవై ఏళ్లు



2013వ సంవత్సరం. అక్టోబరు 3. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, లాస్ ఏంజెలెస్ నగరం. సిటీ హాల్ ముందు జనం పెద్ద సంఖ్యలో పోగయ్యారు. గవర్నరు జెర్రీ బ్రౌన్ వచ్చి ఒక చట్టం మీద సంతకం పెట్టారు. జనం కేరింతలు కొట్టారు.

ఇంతకీ ఆ చట్టం వాళ్లకు ఇచ్చిందేమిటి? పౌరసత్వమా? కాదు. ఓటు హక్కా? కాదు. గ్రీన్‌కార్డా? అదీ కాదు. కారు నడుపుకోవడానికి లైసెన్సు. అంతే. సరైన వీసా కాగితాలు లేనివాళ్లు కూడా పరీక్ష రాసి, బండి నడిపి చూపించి, పాసైతే లైసెన్సు తీసుకోవచ్చునని ఆ చట్టం చెప్పింది.

ఒక్క లైసెన్సు కోసం అంత సంబరమా అనిపించవచ్చు. కాలిఫోర్నియా పొలాల సంగతి తెలిస్తే ఆ సంబరం అర్థమవుతుంది. అక్కడ సాలినస్ లోయ అనే చోటు ఉంది. పాలకూర లాంటి ఆకుకూరలు, స్ట్రాబెర్రీలు దేశమంతటికీ అక్కడినుంచి వెళతాయి. కోసేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామందికి కాగితాలు లేవు. తెల్లవారకముందే పొలంలో ఉండాలి. ఆ వేళకు బస్సులుండవు. ఉన్నా పొలం దాకా రావు. కారు తీయకపోతే కూలి లేదు. కారు తీస్తే లైసెన్సు లేదు.

దారిలో పోలీసు తనిఖీ ఎదురైందనుకోండి. లైసెన్సు లేదని తేలితే బండి లాక్కుపోయేవారు. ముప్పై రోజుల పాటు యార్డులో పెట్టేవారు. రోజుకింత అద్దె. చివరికి విడిపించుకోవడానికి వెయ్యి డాలర్లు దాటేది. బండి ఖరీదే అంత ఉండదు కాబట్టి చాలామంది దాన్ని అక్కడే వదిలేసేవారు. కారు పోయింది, దాంతో పనీ పోయింది. పిల్లవాడికి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లే దారీ పోయింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ ప్రసంగానికి అదే ఆధారం. అమెరికాలోకి ఎవరు రావచ్చు, ఎవరు ఉండవచ్చు అన్నది వాషింగ్టన్‌లోని కేంద్ర ప్రభుత్వం తేలుస్తుంది. వచ్చినవాళ్లు రోజూ ఎలా బతకాలి అన్నది మాత్రం చాలావరకు రాష్ట్రం తేలుస్తుంది. లైసెన్సు రాష్ట్రానిది. కాలేజీ ఫీజు రాష్ట్రానిది. వీధిలో నిలబడే పోలీసు ఎవరికి జవాబు చెప్పాలన్నదీ చాలావరకు రాష్ట్రం, ఊరు చూసుకునే సంగతే. వీసా అక్కడ, బతుకు ఇక్కడ. అందుకే వలస వచ్చినవాళ్ల హక్కుల కోసం పనిచేసే సంఘాలు వాషింగ్టన్ తలుపు తడుతూనే, రాష్ట్ర రాజధానుల్లోనూ గట్టి పోరాటాలు చేశాయి. కాలిఫోర్నియాకు ఆ రాజధాని శాక్రమెంటో.

నిజానికి 1993 దాకా కాలిఫోర్నియాలో లైసెన్సు కావాలంటే వీసా చూపించమని ఎవరూ అడిగేవారు కాదు. బండి నడపడం వస్తే చాలు. ఆ ఏడాది చట్టం మార్చారు. దేశంలో ఉండటానికి అనుమతి ఉన్నట్టు రుజువు చూపాలన్నారు. అవి చెడ్డరోజులు. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసింది. విమానాలు, ఆయుధాలు తయారుచేసే ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఉద్యోగాలు పోయాయి. పోయిన ఉద్యోగానికి ఎవరిమీదో ఒకరిమీద కోపం చూపించాలి. ఆ కోపం పొలంలో వంగి పనిచేసేవాడి మీదికి మళ్లింది.

మరుసటి ఏడాది, 1994లో, ప్రజల ఓటుకు ఒక ప్రతిపాదన వచ్చింది. దాని నంబరు 187. ఆ నంబరు కాలిఫోర్నియాలో ఈనాటికీ ఎవరూ మరచిపోలేదు. కాగితాలు లేని పిల్లలను బడిలో చేర్చుకోకూడదు. కాగితాలు లేనివాళ్లకు అత్యవసరమైతే తప్ప ప్రభుత్వ వైద్యం చేయకూడదు. అనుమానం వస్తే టీచర్లు, ఆసుపత్రి సిబ్బంది ఫిర్యాదు చేయాలి. ఒక్కసారి ఆలోచించండి. అక్షరాలు దిద్దించే టీచరే పిల్లవాడిని పట్టివ్వాలి. రెండోసారి పోటీ చేస్తున్న గవర్నరు పీట్ విల్సన్ ఆ ప్రతిపాదనను తన ప్రచారానికి ఆయుధం చేసుకున్నారు.

ఆ అక్టోబరులో లాస్ ఏంజెలెస్ వీధుల్లో డెబ్బై వేలకు పైగా జనం నడిచారు. పోలింగుకు ముందు వేలాది హైస్కూలు పిల్లలు తరగతులు వదిలి బయటికొచ్చారు. ఊరేగింపుల్లో మెక్సికో జెండాలు పట్టుకోవడం మేలు చేసిందా, చేటు చేసిందా అని ఆ సంఘాల్లోనే వాదోపవాదాలు జరిగాయి. ఏదేమైనా ఓటింగులో వాళ్లు ఓడిపోయారు. వందకు దాదాపు యాభై తొమ్మిది మంది ప్రతిపాదనకు అనుకూలంగా ఓటేశారు.

ఓటులో ఓడినా కోర్టులో నిలబడ్డారు. కాగితాలు లేని పిల్లలకు కూడా బడి తలుపు మూయకూడదని 1982లోనే టెక్సస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. పైగా వలస విషయం కేంద్రానిది. ఈ వాదనలతో సంఘాలు కోర్టుకెక్కాయి. పోలింగు జరిగిన కొద్దిరోజులకే న్యాయమూర్తి 187ను ఆపేశారు. తర్వాత దానిలో ముఖ్యమైనదంతా కొట్టేశారు. 1999లో ఆ కేసు పూర్తిగా ముగిసింది. బడి నుంచి ఏ పిల్లవాడినీ పంపేయలేదు.

అయితే 187 వల్ల అనుకోని పని ఒకటి జరిగింది. 1986లో రీగన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు వచ్చిన ఒక చట్టం దేశం మొత్తం మీద ఇరవై ఐదు లక్షలకు పైగా మందికి కాగితాలు ఇచ్చింది. గ్రీన్‌కార్డు వచ్చాక మామూలుగా అయిదేళ్లు గడిస్తే పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సరిగ్గా ఆ గడువు నిండుతున్న రోజుల్లోనే 187 వచ్చింది. అప్పటిదాకా ఆ ఊసే తలపెట్టని కుటుంబాలు భయంతో, పట్టుదలతో దరఖాస్తు ఫారాలు నింపాయి. సంఘాలు చర్చి హాళ్లలో బల్లలు వేసుకుని కూర్చుని ఆ ఫారాలు నింపిపెట్టాయి. జనాన్ని కూడగట్టి ఓటు వేయించాయి. కొన్నేళ్లలోనే కాలిఫోర్నియా శాసనసభ ముఖం మారిపోయింది.

అలెక్స్ పడీయా సంగతే తీసుకోండి. తల్లి ఇళ్లు శుభ్రం చేసేది. తండ్రి హోటల్లో వంటవాడు. కొడుకు ఎంఐటీలో ఇంజనీరింగు చదివి, 1994లోనే ఊరికి తిరిగొచ్చి, ఉపగ్రహాలకు సాఫ్ట్‌వేరు రాసే ఉద్యోగంలో చేరాడు. 187 గొడవ చూశాక రాజకీయాల్లోకి మళ్లాడు. 2021లో కాలిఫోర్నియా తరఫున అమెరికా సెనేట్‌లో అడుగుపెట్టాడు.

ఇక లైసెన్సు కథకు వద్దాం.

ఆ కథలో ముందుగా వినిపించే పేరు గిల్ సెడీయో. లాస్ ఏంజెలెస్‌లో కార్మిక సంఘంలో పనిచేసి శాసనసభకు వచ్చినవాడు. ఏడాది తర్వాత ఏడాది అదే బిల్లు పెట్టేవాడు. ఆయనకు ఒక్క బిల్లు గిల్ అనే పేరే పడిపోయింది. 2003 సెప్టెంబరులో అప్పటి గవర్నరు గ్రే డేవిస్ ఆ బిల్లు మీద సంతకం పెట్టారు. గెలిచామనుకున్నారు. నెల తిరిగేసరికి ప్రజలు డేవిస్‌ను పదవిలోంచి దించేశారు. సినిమా నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ గవర్నరయ్యారు. లైసెన్సు చట్టాన్ని రద్దు చేస్తానన్నది ఆయన ఎన్నికల వాగ్దానాల్లో ఒకటి. డిసెంబరులో రద్దయింది. అమల్లోకి రావలసింది జనవరి 1న. ఒక్క లైసెన్సు కూడా ఇవ్వకముందే చట్టం పోయింది. ఆ తర్వాత సెడీయో మళ్లీ బిల్లులు పంపారు. గవర్నరు వెనక్కి కొట్టారు.

ఇక్కడ సెడీయో గురించి మరో మాట కూడా చెప్పాలి. చాలా ఏళ్ల తర్వాత, 2022లో, లాస్ ఏంజెలెస్ నాయకుల రహస్య సంభాషణ ఒకటి బయటపడింది. అందులో జాతి పేరుతో కించపరిచే మాటలు దొర్లాయి. ఆ గదిలో ఉన్నవాళ్లలో సెడీయో కూడా ఒకరు. ఆయన చేసిన మేలు నిజం. ఆ మచ్చా నిజం.

శాక్రమెంటోలో దారి మూసుకుపోయినప్పుడు సంఘాలు ఏం చేశాయి? ఊళ్లలోకి వెళ్లాయి. లాస్ ఏంజెలెస్ పక్కన మేవుడ్ అని చిన్న ఊరు. తనిఖీ పేరుతో పోలీసులు అక్కడ కార్లు లాక్కోవడం నిత్యకృత్యం. చర్చికి వచ్చేవాళ్లు, ఇరుగుపొరుగువాళ్లు కలిసి సంఘం కట్టారు. ఊరి కౌన్సిల్ సమావేశానికి గుంపులుగా వెళ్లారు. ఓటున్నవాళ్లు పూనుకుని కౌన్సిల్ సభ్యులనే మార్చేశారు. కొత్త కౌన్సిల్ ఆ ట్రాఫిక్ విభాగాన్నే ఎత్తేసింది. ఊళ్లో చాలామందికి ఓటు లేదు. అయినా ఊరు మారింది.

ఇలాంటి ఫిర్యాదులు రాష్ట్రమంతటా పెరిగాయి. తాగి నడిపేవాళ్లను పట్టుకోవడానికి పెట్టిన తనిఖీల్లో తాగినవాళ్ల కంటే లైసెన్సు లేని కూలీల బళ్లే ఎక్కువగా పోతున్నాయని పత్రికలు బయటపెట్టాయి. 2011లో రాష్ట్రం ఒక చిన్న చట్టం చేసింది. తాగి నడిపేవాళ్ల కోసం పెట్టిన తనిఖీలో, లైసెన్సు లేదన్న ఒక్క కారణంతో బండిని యార్డుకు పంపకూడదు. లైసెన్సున్న మనిషి ఎవరైనా వచ్చి బండి తీసుకుపోవచ్చు. అది కూడా సెడీయో బిల్లే.

పెద్ద చట్టం 2013లో వచ్చింది. ఈసారి బిల్లు పెట్టింది లూయిస్ అలెహో. స్ట్రాబెర్రీ తోటల మధ్య ఉన్న వాట్సన్‌విల్ ఊరివాడు, పొలం కూలీల కుటుంబంలోంచి వచ్చినవాడు. మొదట ఆ బిల్లు ఆ ఏడాది గట్టెక్కదనే అనుకున్నారు. శాసనసభ సమావేశాల చివరి గంటల్లో గట్టెక్కింది. అదే మనం మొదట చెప్పుకున్న అక్టోబరు 3 సంతకం.

ఒక రాజీ కూడా ఉంది. కొందరికి అది చేదుగానే ఉండిపోయింది. ఈ లైసెన్సు మీద వేరే గుర్తు ఉండాలని కేంద్రం పట్టుబట్టింది. గుర్తు పెద్దగా ఉంటే, రోడ్డు మీద ఆపిన పోలీసుకు ఈ మనిషికి కాగితాలు లేవని వెంటనే తెలిసిపోతుంది. సంఘాలు చాలా నెలలు పోట్లాడాయి. చివరికి చిన్న అక్షరాలతో ఒక వాక్యం వేశారు. ఆ కార్డు చూసి ఎవరిపట్లా వివక్ష చూపకూడదని చట్టంలోనే రాయించారు. 2018లో కొత్త రకం లైసెన్సులు వచ్చాక, వాటిని తీసుకోని అమెరికా పౌరుల కార్డుల మీద కూడా అదే వాక్యం వచ్చి చేరింది. గుర్తు అందరిదీ అయిపోయింది.

2015 జనవరిలో అమలు మొదలైంది. మన ఆర్టీఏ ఆఫీసు లాంటి డీఎంవీ ఆఫీసుల ముందు బారులు తీరారు. వలస వచ్చినవాళ్ల హక్కుల కోసం 1986లో పుట్టిన చిర్లా లాంటి సంఘాలు అంతకుముందు నుంచే సాయంత్రాలు తరగతులు పెట్టాయి. పదిహేనేళ్లుగా కారు నడుపుతున్న మనిషి కూడా రోడ్డు నియమాల పుస్తకం ముందేసుకుని చదువుకున్నాడు. మొదటి ఏడాదిలోనే ఆరు లక్షలమందికి పైగా లైసెన్సులు తీసుకున్నారు.

మరి రోడ్లు ఏమయ్యాయి? ప్రమాదాలు పెరుగుతాయని వ్యతిరేకించినవాళ్లు భయపెట్టారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో లెక్క తీసి చూశారు. ప్రమాదాలు పెరగలేదు. పైగా గుద్ది పారిపోయే సంఘటనలు తగ్గాయి. ఆ ఒక్క ఏడాదిలో దాదాపు నాలుగు వేలు తగ్గాయని వాళ్ల అంచనా. కారణం సులువుగానే అర్థమవుతుంది. లైసెన్సు ఉన్నవాడు ప్రమాదం జరిగితే ఆగుతాడు, పేరు చెబుతాడు, ఇన్సూరెన్సు కాగితం ఇస్తాడు. లైసెన్సు లేనివాడు భయంతో పారిపోతాడు. అంటే ఆ లైసెన్సు వలస వచ్చినవాడికే కాదు, అతని కారు ముందు రోడ్డు దాటుతున్న ముసలమ్మకూ మేలు చేసింది. ఈ సంగతి మరొక్కసారి చెప్పుకోవాలి. ప్రమాదాలు పెరగలేదు, గుద్ది పారిపోవడం తగ్గింది.

2013లో లైసెన్సు చట్టం మీద సంతకం పెట్టిన వారంలోనే బ్రౌన్ మరో చట్టం మీద కూడా సంతకం పెట్టారు. దాని వెనుక ఇలాంటి కథలున్నాయి. 2011లో లాస్ ఏంజెలెస్‌లో ఒక యువతి, తనను కొడుతున్న మనిషి నుంచి కాపాడమని పోలీసులకు ఫోను చేసింది. వచ్చిన పోలీసులు ఆమెనే పట్టుకెళ్లారు. వేలిముద్రలు కేంద్రానికి వెళ్లాయి. దేశం నుంచి పంపించే కేసు పెట్టారు. సంఘాలు గొంతెత్తాక ఆ కేసు వదిలేశారు. ఆ భయం ఊరంతా పాకితే ఏమవుతుంది? దొంగ పడినా, దెబ్బలు తగిలినా ఎవరూ ఫోను చేయరు. చిన్న చిన్న కారణాలకు పట్టుకున్నవాళ్లను వలస అధికారుల కోసం జైల్లో అట్టిపెట్టకూడదని ఆ చట్టం చెప్పింది. 2012లో బ్రౌన్ దాన్ని తిప్పికొట్టారు. 2013లో అదే బ్రౌన్ ఒప్పుకున్నారు. ఆ ఏడాది వ్యవధిలో సంఘాలు ఊరుకుని ఉంటే ఈ సంతకం వచ్చేది కాదు.

ఇందులో మన భారతీయులకు ఏం సంబంధం అనిపించవచ్చు. సంబంధం చాలా పాతది.

వందేళ్ల కిందట కాలిఫోర్నియా పొలాల్లో పంజాబీ రైతులు ఉండేవారు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని 1913లో రాష్ట్రం చట్టం చేసింది. భారతీయులకు పౌరసత్వం లేదని 1923లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ కలిసి రైతు కాళ్ల కింద నేలను లాగేశాయి. దలీప్‌సింగ్ సౌంద్ అనే ఆయన బర్క్‌లీలో గణితంలో డాక్టరేటు చేసి కూడా పొలం పనిలో దిగాల్సి వచ్చింది. ఆయన లాంటివాళ్లు సంఘాలు పెట్టి, ఊరూరా ఉపన్యాసాలిచ్చి, కాంగ్రెస్ సభ్యుల వెంటపడ్డారు. 1946లో చట్టం వచ్చింది. భారతీయులకు పౌరసత్వం దొరికింది. ఏడాదికి వందమంది రావడానికి అనుమతి దొరికింది. పదేళ్లు తిరిగేసరికి, 1956లో, సౌంద్ అదే కాలిఫోర్నియా నుంచి అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికయ్యారు.

ఆ చట్టం రావడానికి ముందు ఇరవై ఏళ్లకు పైగా అమెరికాలో పరాయివాడిగానే బతికిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టి, ప్రపంచానికి ప్రాణాలు పోసే మందులు అందించిన శాస్త్రవేత్త. చట్టం వచ్చిన రెండేళ్లకే, 1948లో, పౌరసత్వం తీసుకోకుండానే కన్నుమూశారు.

ఈ తరం తెలుగువాళ్లకైతే లైసెన్సు గొడవ బాగా తెలుసు. చాలా రాష్ట్రాల్లో వీసా గడువుతో పాటే లైసెన్సు గడువూ ముగుస్తుంది. వీసా పొడిగింపు దరఖాస్తు పెండింగులో ఉంటే, ఆ రసీదు పట్టుకుని డీఎంవీ ఆఫీసు చుట్టూ తిరగాలి. పెద్ద కంపెనీలో పనిచేసే సాఫ్ట్‌వేరు ఇంజనీరు, స్ట్రాబెర్రీ కోసే కూలీ, ఇద్దరూ ఒకే కౌంటరు ముందు నిలబడతారు.

2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలో ఏం జరిగిందో గుర్తుందా? విద్యార్థులను పట్టుకోవడానికి ప్రభుత్వ అధికారులే ఒక ఉత్తుత్తి విశ్వవిద్యాలయం నడిపారు. పట్టుబడ్డ భారతీయ విద్యార్థులు 129 మంది. వాళ్లలో చాలామంది తెలుగు పిల్లలు. అప్పుడు తెలుగు సంఘాలు లాయర్లను వెతికిపెట్టాయి. హక్కులు ఏమిటో వివరించాయి. లాటినో సంఘాలు ఏళ్ల తరబడి చర్చి హాళ్లలో చేస్తున్న పని, ఆ వారంలో తెలుగు సంఘాలు కూడా చేయాల్సి వచ్చింది.

మరో బాధ కూడా ఉంది. తల్లిదండ్రుల వీసా మీద చిన్నప్పుడే వచ్చి, అక్కడే పెరిగిన పిల్లలు. ఇరవై ఒకటి నిండగానే ఆ వీసా చెల్లదు. గ్రీన్‌కార్డు వరుసేమో ఏళ్ల తరబడి కదలదు. పెరిగిన ఊళ్లోనే విదేశీ విద్యార్థి అయిపోతారు. ఫీజు పెరుగుతుంది. ఈ పిల్లలే సంఘంగా ఏర్పడి వాషింగ్టన్ వెళ్లి సభ్యులను కలిశారు. 2021లో బిల్లు పెట్టించారు. అది ఇంకా చట్టం కాలేదు.

ఇలా పోరాడి తెచ్చుకున్న హక్కులు పోకుండా ఉంటాయా అంటే, అన్నీ ఉండవు. కాగితాలు లేని విద్యార్థులకు కాలేజీలో స్థానికుల తక్కువ ఫీజే చాలన్న మొదటి రాష్ట్రం టెక్సస్. 2001లో చట్టం చేసింది. 2025 జూన్‌లో కేంద్రం కేసు వేయగానే రాష్ట్రం ఎదురు వాదించకుండా ఒప్పేసుకుంది. ఇరవై నాలుగేళ్ల చట్టం ఒక్క రోజులో ఆగిపోయింది. అదే నెలలో లాస్ ఏంజెలెస్‌లో వలస అధికారుల దాడులు మొదలయ్యాయి. కార్లు కడిగే చోట్లకు, కూలీలు నిలబడే అడ్డాలకు వచ్చారు. ఖర్చు భరించలేమంటూ కాలిఫోర్నియా కూడా కాగితాలు లేని పెద్దవాళ్లను ప్రభుత్వ వైద్య పథకంలో కొత్తగా చేర్చుకోవడం 2026 జనవరి నుంచి ఆపాలని నిర్ణయించింది. మిత్రులనుకున్న ప్రభుత్వాలూ వెనకడుగు వేస్తాయి. అయినా లైసెన్సు చట్టం మాత్రం నిలిచింది. ఇవాళ పంతొమ్మిది రాష్ట్రాల్లో అలాంటి చట్టం ఉంది. మసాచుసెట్స్‌లో గవర్నరు తిప్పికొడితే శాసనసభ మళ్లీ ఆమోదించింది. దాని మీద 2022లో ఓటింగు పెడితే, ప్రజలు చట్టం ఉండాలనే ఓటేశారు.

శ్రోతలారా, మీలో ఎంతోమంది పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అమెరికాలో ఉన్నారు. వీసా ఒక్కటి సరిగ్గా ఉంటే మిగతా గొడవలు మనకెందుకని వాళ్లలో చాలామంది అనుకుంటారు. ఓటు లేదు కాబట్టి చేయగలిగింది లేదనీ అనుకుంటారు. కాని శాక్రమెంటోలో శాసనసభ కమిటీ బిల్లును చర్చించేటప్పుడు ఎవరైనా వెళ్లవచ్చు. మైకు ముందుకొచ్చి పేరు చెప్పి, ఈ బిల్లు కావాలో వద్దో చెప్పవచ్చు. అక్కడ పౌరసత్వం రుజువు అడగరు. పొలం కూలీలు అలాగే వెళ్లి మాట్లాడారు. ఈసారి మీవాళ్లు ఫోను చేసినప్పుడు ఒక్క మాట అడగండి. మీ రాష్ట్రంలో ఇలాంటి సంఘం ఏదైనా ఉందా, దాని సమావేశానికి ఒక్కసారైనా వెళ్లారా అని. వెళ్లకపోతే వెళ్లమని చెప్పండి.